బాపుకు సిమెంటు కోటు

మా ఆర్మూరులో పాత రాళ్ల సంగతి తెలిసిన పెద్దమనిషి నేనేనని నాకు నేనే పేరు పెట్టుకున్నాను. బాల్కొండ దారిలో ఒక చేను గట్టున వీరగల్లు ఉంది. ఎప్పుడో యుద్ధంలో చచ్చిన వీరుడికి నిలబెట్టిన రాయి. దాని మీద చెక్కిన బొమ్మకు మోకాళ్లదాకా కుచ్చుల పంచె, చెవులకు పోగులు, మెడలో మూడు పేటల హారం. దాన్ని చూపించి, అప్పట్లో మనవాళ్లు ఇలాగే కట్టేవారని దొరికినవాడికల్లా పాఠం చెప్పేవాణ్ణి. ఆ హారం ఆ మనిషికి నిజంగా ఉండేదా అని ఒక్కడూ అడగలేదు. నాకూ తట్టలేదు.

పోయినేడు బాపు, మా నాన్న, పోయాడు. పసుపు చేనులో సమాధి కట్టి, పైన విగ్రహం పెట్టాలనుకున్నాం. ఈ మధ్య మా వైపు అదొక మర్యాద. అమ్మ ఒక్కటే అడిగింది.

"మీ బాపును మీ బాపు లెక్కనే చేయించు కొడుకా. కలుపు తియ్యవోయినప్పుడల్లా జర సూసుకుంట."

విగ్రహాలు చేసేవాడి షెడ్డులో తలల్లేని మొండేలు వరసగా నిలబడి ఉన్నాయి.

"ఒళ్లు రెడీమేడ్ సార్. తలకాయ ఒక్కటే ఫొటో సూసి చేస్త. ధోతి కండువది వేరేటోళ్లు బుక్ చేసుకున్నరు. కోటుది తయారుంది, మస్తు గెటప్ ఉంటది," అన్నాడు.

బాపు జన్మలో కోటు తొడగలేదు. పసుపు ఉడకబెట్టే రోజుల్లో ఆయన బనీను, ధోతి, భుజంమీది తువ్వాలు అన్నీ పచ్చగానే ఉండేవి. అయినా నా బుద్ధి గడ్డి తింది. చూసేవాళ్ల ముందు గొప్పగా ఉంటుందని సరేనన్నాను. పైగా టైకి ఎర్రరంగు కూడా వేయించాను!

ముసుగు తీసిన రోజు చుట్టాలు చప్పట్లు కొట్టారు. అమ్మ విగ్రహం చుట్టూ ఒకసారి తిరిగింది. కోటు గుండీలు తడిమి చూసింది.

"గీయన ఎవలురా?"

"బాపే గదనే అమ్మా."

"మీ బాపు చలికాలం పొద్దుగాల చేన్ల నీళ్లు పెట్టనీకి గొంగడి కప్పుకొని వణుక్కుంట పోయేటోడు. గప్పుడు ఒక్క స్వెటర్ తేలేదు గదరా నువ్వు. సచ్చినంక కోటు తొడిగినవా?"

సిగ్గుతో చచ్చాను.

ఎప్పటికో నాలాంటి పండితుడొకడు వచ్చి, ఆర్మూరు రైతులు కోటూ టైలతో పసుపు తవ్వేవారని రాస్తాడు. రాసుకోనీ. అమ్మ మాత్రం కలుపుకు వెళ్లినా విగ్రహం వైపు తలెత్తదు. ఇంట్లో దండెం మీద బాపు తువ్వాలు ఇంకా పచ్చగా వేలాడుతోంది. దాన్ని ఎవరినీ ఉతకనివ్వదు.