మేడమ్ మళ్ళీ చనిపోయారు

మా మేడమ్‌కు ఒకటే అలవాటు. ఎవరైనా తప్పు చెబితే చచ్చిపోయేవారు.

మాటవరసకు అనడం లేదు. ఆవిడ మా ఫార్మసీ కాలేజీలో మందులిచ్చే ప్రాక్టికల్ చెప్పేవారు. ల్యాబులో ఒక కౌంటరు, దాని వెనక మందుల అలమర, ముందు రోగి వేషంలో ఆవిడ. స్టూడెంటు చీటీ చదివి, మందు తీసి, ఎలా వేసుకోవాలో చెప్పాలి. చెప్పింది తప్పయితే మేడమ్ గుండె పట్టుకుని, కళ్ళు తేలేసి, నేలమీద దబ్బున పడిపోయేవారు. ఇస్త్రీ బట్టలు కట్టుకొచ్చిన రోజైనా మినహాయింపు లేదు. పిల్లలు ఆవిడకు పెట్టిన పేరు పునర్జన్మ మేడమ్.

నేను లెక్చరరుగా చేరిన మొదటిరోజే, ఆ గది ముందునుంచి వెళ్తూ ఆవిడ కుప్పకూలడం చూశాను. నా పైప్రాణాలు పైనే పోయాయి. నీళ్ళకోసం పరిగెత్తబోయి గాజుసామాను బల్లను గుద్దుకున్నాను. అటెండరు మాత్రం కిటికీ దగ్గర తాపీగా టీ తాగుతున్నాడు.

"కొత్తగా చేరారా సార్? కంగారు పడకండి, లేస్తారు," అన్నాడు.

లేచారు. దుమ్ము దులుపుకుని, తర్వాత ఎవరమ్మా అని అడిగారు. 

ఆవిడ చావులన్నీ ఒక్క తీరుగా ఉండేవి కావు. నోరున్న కుర్రాడెవడైనా తప్పు చెబితే ఇట్టే పోయి అట్టే లేచేవారు. ఒక్కోసారి మాత్రం ఎంతకీ లేచేవారు కాదు. అటెండరు ఆవిడ చుట్టూ ఊడ్చుకుని వెళ్ళిపోయేవాడు. అలసిపోయి కునుకు తీస్తున్నారని స్టాఫ్‌రూములో అనుకునేవాళ్ళం. ఇంట్లోనూ ఇదే వరసట. ఒకసారి నిజంగానే బాత్రూములో జారిపడితే, వాళ్ళాయన పేపర్లోంచి తలెత్తకుండా "ఇవాళ ఏ మందు?" అన్నారట. కాలి బెణుకు తగ్గేదాకా ఆవిడ ఆయనతో మాట్లాడలేదు.

అలాంటి కాలేజీకి కంప్యూటర్ రోగి వచ్చాడు. తెరమీద కూర్చుని దగ్గుతాడు, మూలుగుతాడు. పక్కన ఎర్ర అంకెలు తరిగిపోతుంటాయి. అవి అయిపోయేలోగా జవాబు నొక్కాలి. తప్పు నొక్కితే 'మళ్ళీ ప్రయత్నించండి' అంటాడు. ప్రిన్సిపాల్ మురిసి ముక్కలయ్యారు. ఇప్పుడు కాలేజీలన్నీ ఇదే బాట పట్టాయనీ, తనిఖీ కమిటీ ఊ అంటే కౌంటరు పీకేసి ఆ గదినిండా కంప్యూటర్లు పెట్టిస్తాననీ చెప్పారు. మేడమ్ నిర్ఘాంతపోయారు.

"చచ్చినవాడి మీద మళ్ళీ ఏం ప్రయత్నిస్తారండీ?"

"మీరు మాత్రం రోజూ లేవడం లేదా?" అన్నారు ప్రిన్సిపాల్. 

కమిటీ వచ్చింది. మేడమ్ నడుం వంచి, చేతికర్ర పట్టుకుని, మామ్మ వేషంలో కౌంటరు ముందు నిలబడ్డారు. కౌంటరు వెనక ఎవరున్నారో తొంగిచూశాను. హాజరు పలకడానికే గొంతు పెగలని పిల్ల. చురుకైనవాళ్ళు ఇంతమంది ఉండగా ఈ పిల్లను నిలబెట్టారేమిటని ప్రిన్సిపాల్ నా చెవిలో పళ్ళు నూరారు.

ఆ పిల్ల చీటీ చదివింది. కీళ్ళవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ మాత్ర.

"రోజుకొకటి వేసుకోండి మామ్మగారూ," అంది.

మేడమ్ చనిపోయారు.

కమిటీ పెద్దాయన కుర్చీ తన్నేసి లేచారు. రెండో ఆయన అంబులెన్సు అని కేకలేస్తూ తలుపు అనుకుని అలమర తెరిచారు. మూడో ఆయన చీటీ లాక్కుని, ఇందులో రాసిందే కదా ఆ పిల్ల చెప్పింది, ఈవిడెందుకు పడిపోయారని లబలబలాడారు. ఆ గోలలో పిల్ల మొహం చూసే తీరిక ఎవరికీ లేదు. అలవాటు పడ్డవాణ్ణే అయినా, మర్యాదకోసం నేనూ మోకాళ్ళమీద కూర్చుని ఫైలుతో విసరసాగాను. పిల్ల నాడి చూడడానికి వంగింది. శవం పెదవులు కదిలాయి.

"తొందరేం లేదమ్మా. నీకు గుర్తొచ్చేదాకా నేను చచ్చే ఉంటాను. నిదానంగా ఆలోచించుకో."

నా చేతిలో ఫైలు ఆగిపోయింది. ఇన్నాళ్ళూ కునుకు అనుకున్నది ఇదా? తప్పు చెప్పినవాళ్ళ మీద పడాల్సిన నవ్వులన్నీ తన మీదికి లాక్కుని, ఎవరికెంత వ్యవధి కావాలో అంతసేపూ ఆవిడ చల్లటి నేలమీద పడుకునేవారన్నమాట. ఆవిడ లేవకముందే లేచి దణ్ణం పెట్టాలనిపించింది.

కాసేపటికి ఆ పిల్ల లేచి నిలబడింది. "ఈ మాత్ర వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. చీటీలోనే పొరపాటుంది. డాక్టరుగారిని అడిగేదాకా మందివ్వను మామ్మగారూ, మీరు కూర్చోండి."

ఆ గొంతు వెనక బెంచీదాకా వినబడడం అదే మొదటిసారి. మామ్మగారు లేచి కూర్చున్నారు.

పెద్దాయన చెమట తుడుచుకుని, అదే చీటీ కంప్యూటర్ రోగికి ఇచ్చి చూడమన్నారు. ప్రిన్సిపాల్ ఉత్సాహంగా 'రోజుకొకటి' నొక్కారు. రోగి థాంక్స్ చెప్పి వెళ్ళిపోయాడు.

"ఇతను ఇంటికెళ్ళి చచ్చిపోతాడు," అన్నారు పెద్దాయన. కౌంటరు కదపవద్దనీ, కంప్యూటర్లు పక్కగదిలో పెట్టుకోమనీ తేల్చేశారు. ప్రిన్సిపాల్ మొహంలో నెత్తురుచుక్క లేదు.

అంతటితో ఆగితే బాగుండేది. పెద్దాయన ముచ్చటపడి, తానూ ఒకసారి కౌంటరు వెనక నిలబడతానన్నారు. మేడమ్ ఇంకో చీటీ ఇచ్చారు. ఆయన చదివి, ధీమాగా ఏదో చెప్పారు.

మేడమ్ చనిపోయారు. మేమంతా భోజనాలు చేసి వచ్చేసరికి పెద్దాయన ఇంకా చీటీ తిరగేస్తూనే ఉన్నారు; మేడమ్ కూడా, పాపం, ఓపిగ్గా చచ్చే ఉన్నారు.