ఏ ఎక్కంలోనూ పోని ముప్పై ఏడు

"అక్కా, మేడం పోయిన్రు." పోయిన నెల నారాయణగూడ బస్టాపులో ఉండగా హాస్టల్ పిల్ల ఫోన్ చేసి చెప్పింది. అప్పుడే వచ్చిన బస్సు ఎక్కాను. కూర్చోలేక తర్వాతి స్టాపులోనే దిగి చిక్కడపల్లిలో మేడం ఇంటి వైపు నడిచాను.

పోవడమన్న మాట మేడం ఇంట్లో ప్రతి ఆదివారం వినిపించేదే. "ఇది మూడుతో పోతుందా? ఏడుతో పోతుందా?" శేషం మిగలకపోతే పోయినట్టు. రిటైరైన లెక్కల టీచరు ఆవిడ. అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉండి ఉద్యోగ పరీక్షలకు చదివే మాలాంటి ఆడపిల్లల్ని తన హాల్లో చాపల మీద కూర్చోబెట్టి లెక్కలు చెప్పేవారు. కోచింగులో మాకు షార్ట్‌కట్లు నేర్పేవారు. మేడం దగ్గర అవి సాగేవి కావు.

ఒకసారి 481 ఇచ్చారు. రెండు, మూడు, ఐదు, ఏడు, పదకొండు... దేంతోనూ పోలేదు. నాకసలే నిలకడ తక్కువ. "ప్రధాన సంఖ్యే మేడం" అనేశాను.

"అప్పుడే తీర్పు చెప్పేశావూ! ముందున్న అంకెని వెనక్కి పంపు."

814 వచ్చింది. ఇంకోసారి పంపితే 148. అది ముప్పై ఏడో ఎక్కంలో కనిపించింది: ముప్పై ఏడు నాలుగులు. చూస్తే 481, 814 కూడా ముప్పై ఏడుతో పోయాయి.

"ముప్పై ఏడు ఒకటో ఎక్కంలో, తన ఎక్కంలో తప్ప ఇంకెందులోనూ పోదు. తన ఎక్కంలో ఉన్న మూడంకెల సంఖ్యని మాత్రం ఎంత తిప్పినా వదిలిపెట్టదు" అన్నారు మేడం.

పక్కనున్న పిల్ల అడిగింది. "ఇది పరీక్షల వస్తదా మేడం?"

"వస్తే రాస్తావు. రాకపోతే నీ దగ్గరే ఉంటుంది. నీకేంటే నష్టం?"

ఎందుకట్ల అని అడిగితే మాత్రం కళ్లద్దాలు కొంగుతో తుడుచుకుంటూ కూర్చునేవారు. "నేను చెప్తే హాస్టల్‌కి వెళ్లేలోపు మర్చిపోతారు."

జవాబు నాకు రోడ్డు మీద నడుస్తుంటే తట్టింది. ముందు అంకెను వెనక్కి పంపడమంటే, సంఖ్యను పదింతలు చేసి, ఆ అంకె ఎంతో అన్ని 999లు తీసేయడమే. 999 ముప్పై ఏడుతో పోతుంది, కాబట్టి ఎన్ని తీసినా శేషం రాదు. పరుగున వెళ్లి చెప్తే మేడం నవ్వారు. "నీ బుర్ర కాళ్లలో ఉందే!"

కర్మకాండలు అయ్యాక మేడం కోడలు మమ్మల్ని పిలిచి, "హాలు ఎప్పటిలాగే వాడుకోండమ్మా. కానీ చెప్పేదెవరు?" అన్నారు. అందరూ నా వైపు చూశారు. నేను కాదంటే క్లాసు అక్కడితో ఆగిపోతుంది.

"నేనా? పది నిమిషాలు కుదురుగా కూసోలేను."

"నిలబడి చెప్పక్కా, ఎవరొద్దన్నరు?"

మొన్న ఆదివారం వెళ్లాను. 259 ఇచ్చి తిప్పమన్నాను. 592, 925. అన్నీ ముప్పై ఏడుతో పోయాయి. "ఎందుకట్ల అక్కా?" అన్నారు. జవాబు నాలుక చివర కొట్టుకుంటోంది. కిటికీ దగ్గరికి వెళ్లాను, తలుపు దగ్గరికి వెళ్లాను, మళ్లీ కిటికీ దగ్గరికి వచ్చాను. చెప్పలేదు. గదిలో పెన్నుల చప్పుడే.

ఎవరో కొత్తమ్మాయి గడప దగ్గర చెప్పులు విప్పి, లోపలికి రావచ్చో లేదో తెలియక నిలబడింది. ఒక్కరూ తలెత్తలేదు. రాస్తున్నవాళ్లు రాస్తూనే, ఒకరి తర్వాత ఒకరు కొంచెం కొంచెం జరిగారు. చాప చివర ఒక మనిషి పట్టేంత చోటు ఏర్పడింది.