మూడో చుక్క, నా అలసంద మొలక

మా చిన్నప్పుడు మంగళవారం అంటే మొక్కలు పుట్టిన రోజు... మాకు అలా చెప్పింది ఏస్తేరు పిన్ని, మా బాబాయి భార్య.

రొంపిచెర్ల దగ్గర మా ఊళ్ళో యూదుల ఇళ్ళు నాలుగైదు ఉండేవి. మా పేర్లు విని "మీరు కిరస్తానీ వాళ్ళేగా?" అని అందరూ అడిగేవాళ్ళు. కాదని చెప్పీ చెప్పీ విసిగిపోయి, పెద్దవాళ్ళు చివరికి తల ఊపి ఊరుకునేవాళ్ళు.

మా ప్రార్థన గది వసారాలోనే బాలబడి. పిన్నే టీచరు. చాప మీద కూర్చున్న పిల్లల్లో కుదురు లేనిదాన్ని నేనొక్కదాన్నే. "దీని కాళ్ళ కింద నిప్పులున్నయ్యా ఏంది!" అని పిన్ని రోజూ అనేది.

ఆ వారం, దేవుడు లోకాన్ని చేసిన కథ మొదలుపెట్టింది. ఏ రోజు ఏది చేశాడో ఆ రోజు అదే పాఠం. ఆదివారం తలుపులన్నీ మూసి గది చీకటి చేసి, ఒక్కసారిగా తెరిచి "ఇదిగో వెలుతురు" అంది. సోమవారం బేసిన్‌లో నీళ్ళు పోసి, అందులో ఆకాశం చూపించింది. మంగళవారం తలా ఒక కొబ్బరి చిప్ప, దాన్నిండా మట్టి, అందులో ఒక అలసంద గింజ...

ఇక మొదలైంది నా అవస్థ. మట్టిలో ఆ గింజ ఏం చేస్తోందో చూడాలి కదా! బుధవారం పొద్దున్నే వేలు పెట్టి తవ్వి చూశాను. పిన్ని సూర్యుడూ చంద్రుడూ చుక్కలూ అని చెబుతుంటే మళ్ళీ తవ్వాను. గురువారం పక్షుల పాఠానికి ఎవరో కోడిపెట్టను తెస్తే పిల్లలంతా దాని వెంటపడ్డారు, నేను మాత్రం చిప్పను వదల్లేదు.

శుక్రవారానికి అందరి చిప్పల్లో మొలకలు లేచాయి. నా చిప్పలో ఒట్టి మట్టి... ఏడుపు తన్నుకొచ్చింది.

మర్నాడు శనివారం షబ్బాతు, ఏ పనీ చెయ్యకూడని మా విశ్రాంతి రోజు. బడి ఉండదు కాబట్టి ఎవరి చిప్ప వాళ్ళం ఇంటికి తెచ్చుకున్నాం. నాది పెరట్లో గోడ పక్కన పెట్టాను. పొద్దుగూకే ముందు నాయనమ్మ దీపాలు వెలిగించి, రెండు చేతులతో కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. ఎండుద్రాక్ష నానేసి పిసికిన రసం తలా ఒక గుక్క, రొట్టె ముక్క పెట్టారు. నాకు ఏదీ రుచించలేదు.

శనివారం పొద్దున చూద్దును కదా... మట్టి చీల్చుకుని, తెల్లగా, మెడ వంచుకుని నా మొలక! గంతులేసి చెంబు అందుకున్నాను. నాయనమ్మ చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"ఇయ్యాల షబ్బాతు. మొక్కకి నీళ్ళు పొయ్యటం కూడా పనే. రేత్రికి మూడు చుక్కలు పొడిచినాక పోసుకో."

మా పల్నాడు ఎండ తెలిసిందేగా... కాస్త పొద్దెక్కేసరికే చిప్పలో మట్టి తెల్లబారింది. నీడకు జరుపుతానంటే, అదీ కుదరదంది.

"చచ్చిపోద్ది నాయనమ్మా!"

"ఏమే, ఆరు రోజులు పని చేసి దేవుడే కూర్చున్నాడు. నువ్వు కూర్చోలేవా?"

"దేవుడికి దాహం వెయ్యదుగా!"

గోడ అవతల అంట్లు తోముకుంటున్న అంజమ్మత్త ఫక్కున నవ్వింది. ఆమె మా మతం మనిషి కాదు, బంధువూ కాదు. పక్కిల్లు కాబట్టి మాకు అత్త, అంతే.

మధ్యాహ్నం నుంచి పెరట్లోకి వెళ్ళే ధైర్యం చాలలేదు. వాకిట్లోకీ ఇంట్లోకీ తిరుగుతూనే ఉన్నాను. పొద్దు వాలాక అందరం వాకిట్లో నిలబడి ఆకాశం చూడసాగాం. ఒక చుక్క పొడిచింది. చాలాసేపటికి రెండోది. మూడోది మాత్రం ఎంతకీ రాదే...

"అదిగో! మూడోది!" అని అరిచాను.

చూపు ఆనని నాయనమ్మ నా మాట నమ్మి, షబ్బాతు ముగింపు దీపం వెలిగించడానికి అగ్గిపెట్టె అందుకుంది. పిన్ని లబలబలాడుతూ వచ్చింది. "ఆగు అత్తయ్యా! అది చుక్క కాదు, కోటప్పకొండ మీద లైటు!"

అందరూ ఒకటే నవ్వు. నేను నేల మీద పడి దొర్లి ఏడ్చాను. నా మొలక చచ్చిపోతుంటే వీళ్ళకు నవ్వెలా వస్తోందని అందరి మీదా కోపం వచ్చింది.

అసలు మూడో చుక్క పొడిచాక ఇక ఆగలేదు. షబ్బాతు వెళ్ళేటప్పుడు ఏలకులూ లవంగాలూ గిన్నెలో వేసి అందరూ వాసన చూస్తారు... దానికి కూడా ఉండకుండా చెంబు పట్టుకుని పెరట్లోకి పరుగు. చిప్పలో వేలు పెట్టాను.

మట్టి చల్లగా ఉంది. తడిగా ఉంది. నా మొలక మెడ ఎత్తి నిలబడి ఉంది.

గోడ మీదుగా అంజమ్మత్త తల కనబడింది. "మీ దేవుడికి ఇయ్యాల సెలవు గదే... మాకు లేదుగా!" అంది.

వెనకే నాయనమ్మ వచ్చింది. తిడుతుందనుకుని బిగుసుకుపోయాను. ఆమె చిప్ప వైపు చూసింది, అత్త వైపు చూసింది. చేతిలోని ఏలకుల గిన్నెను, వాసన చూడమని, గోడ మీదుగా అత్తకు అందించింది.

ఇప్పుడు మేము హైదరాబాద్‌లో, ఎనిమిదో అంతస్తులో ఉంటున్నాం. చుక్కలు కనబడవు. షబ్బాతు ఎప్పుడు ముగుస్తుందో శుక్రవారమే ఫోన్‌లో చూసి పెట్టుకుంటాం. మా అమ్మాయి బాల్కనీ కుండీలో అలసంద గింజ నాటింది. నిన్న శనివారం ఎండకు ఆ మొలక తల వాల్చేసింది. మా అమ్మాయి కాలుకాలిన పిల్లిలా బాల్కనీలోకీ గదిలోకీ తిరుగుతుంటే, దాని వెనకే నేనూ తిరిగాను.

ఎన్నిసార్లు పక్క బాల్కనీ వైపు చూశానో... చెయ్యి చాస్తే అందేంత దగ్గర. తలుపు మూసే ఉంది. ఇన్నేళ్ళుగా ఉంటున్నాం, ఆ ఇంట్లో ఎవరుంటారో నాకు తెలియదు. వాళ్ళకీ మేమెవరమో తెలియదు.

మీ గోడ అవతల కూడా ఒక అంజమ్మత్త ఉండేదా? ఉంటే ఆమె గురించి రెండు మాటలు రాయండి... నేను ఈ సాయంత్రం ఏలకుల గిన్నె పట్టుకుని ఆ పక్క తలుపు కొడదామనుకుంటున్నాను.