ప్రభు బల్ల మీద ఇంటి తాళాలు

కాలిఫోర్నియాలో రెడ్‌వుడ్ చెట్ల కింద జరిగే మా తెలుగు క్రైస్తవ సంఘం వేసవి కూడికకు ఈసారి వెళ్లకూడదనే అనుకున్నాను. కారణం చెబుతాను, కోపం వచ్చేవాళ్లకు రానివ్వండి. మా సంఘంలో ఒక ఆచారం పుట్టింది. ఆ ఏడాది ఇల్లు కొన్నవాళ్లు కొత్త తాళం చెవిని ప్రభు బల్ల మీద, ప్రభువు జ్ఞాపకంగా విరిచే రొట్టె పెట్టాల్సిన చోట పెడతారు. పాస్టరు అయ్యగారు దాని మీద చెయ్యి ఉంచి ప్రార్థిస్తారు. పక్కింటివాళ్లు ప్రేమగా ప్రసాదం ఇస్తే చేతులు వెనక్కి లాక్కునే మనం తాళం చెవి ముందు తల వంచుతున్నామే, దీన్నేమనాలి? ఇల్లు కొననివాళ్లకు దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పే వంతే రాదు. అయినా వెళ్లాను. మా సంఘంలోని సుధాకర్ ఫోన్ చేసి, "అన్నా, మా కార్‌లో రండి, ప్లీజ్" అన్న తీరు మామూలుగా లేదు.

ఎనభై అయిదు ఆగస్టు, శనివారం. ఉదయం ఎనిమిదింటికి ఫ్రీమాంట్‌లో బయలుదేరాం. శాన్ హోసే దాటి, పదిహేడో నంబరు హైవే మీద కొండ ఎక్కి దిగి, ఫెల్టన్ వైపు తిరిగితే గంటంబావు దారి. కూడిక జరిగే రెడ్‌వుడ్ పార్కులోకి కారుకు రెండు మూడు డాలర్లు తీసుకుంటారు. మలుపులు ఎక్కువ, కడుపులో తిప్పేవాళ్లు ముందు సీట్లో కూర్చోవాలి. కొండ సగం ఎక్కాక సుధాకర్ అసలు సంగతి బయటపెట్టాడు. కంప్యూటర్ చిప్ కంపెనీలో అతని ఉద్యోగం పోయింది. వసంతంలో కొన్న ఇల్లు అమ్మకానికి పెట్టారు. సంఘంలో ఎవరికీ తెలియదు. సంఘ పెద్ద ప్రభాకర్ గారేమో తాళం చెవి మరిచిపోవద్దని రెండుసార్లు ఫోన్ చేశారట.

వెనక సీట్లోంచి అతని భార్య విమల అంది: "ఈ ఒక్కరోజుకీ పెట్టెయ్యండి. పోయినేడు పాల్ గారికి జాబ్ పోతే సంఘంలో ఏమన్నారు? దాచిన పాపం ఏదో ఉంది, ఫాస్టింగ్ చెయ్యమన్నారు. మళ్లీ ఆయన మొహం చూశామా? ఇక్కడ మనకు వీళ్లు తప్ప ఎవరున్నారు?"

"దేవుడి ముందు అబద్ధం చెప్పమంటావా?"

"చెప్పొద్దు. ఊరికే పెట్టండి."



పార్కులో మేరీ అక్క బొగ్గుల పొయ్యి మీద పలావు వేడి చేస్తోంది. నన్ను చూసి, "ఏం బ్రదర్, ఈ ఏడు కూడా పోట్లాటేనా? ముందు తినండి. ఖాళీ కడుపుతో అరిస్తే గొంతు పోతుంది" అంది.

పదకొండింటికి ప్రార్థన మొదలైంది. ఆ రోజుకు పిక్నిక్ బల్లే ప్రభు బల్ల. దాని మీద తెల్లగుడ్డ, గుడ్డ మీద నాలుగైదు తాళం చెవులు. ప్రభాకర్ గారు పిలిచారు: "సుధాకర్ బ్రదర్, మీ దీవెన తెచ్చి పెట్టండి."

సుధాకర్ లేచాడు. తాళం చెవి గుప్పిట్లోనే ఉంది. "ఈ ఇల్లు అమ్మేస్తున్నాం అండీ. నాకు జాబ్ పోయింది. దీని మీద ప్రార్థన వద్దు. నా మీద చెయ్యండి."

విమల కళ్లు మూసుకుంది. ప్రభాకర్ గారు తడబడి, "ముందే చెబితే ప్రోగ్రాంలోంచి తీసేసేవాళ్లం కదా" అన్నారు.

"అందుకే చెప్పలేదేమో!" అన్నాను నేను. గొంతు కొంచెం పెద్దదే అయింది.

అయ్యగారు మాత్రం తొణకలేదు. బల్ల మీది తాళం చెవులన్నీ ఒక పేపర్ ప్లేటులోకి ఊడ్చి ప్రభాకర్ గారి చేతికిచ్చారు. "ఎవరివి వాళ్లకిచ్చెయ్యండి. రొట్టె పెట్టాలి" అని, వచ్చి సుధాకర్ తల మీద చెయ్యి ఉంచారు. ప్లేటు వరస వెంట నడిచింది. శాంటా క్లారా నుంచి వచ్చిన జోసెఫ్ తన తాళం చెవి తీసుకుని జేబులో వేసుకున్నాడు. ప్రార్థన అయ్యాక సుధాకర్ పక్కన వచ్చి కూర్చుని మెల్లగా అన్నాడు: "నా జాబూ పోయింది బ్రదర్. జూన్‌లోనే."

సొంతిల్లు కొనడం తప్పని నేననను. మనుషులకు ఇళ్లు కావాలి. మన సంఘాలతో నా తగువు వేరు. ఒకే బల్ల దగ్గర రొట్టె విరిచే ఇద్దరు ఒకే కష్టాన్ని వేసవంతా ఒకరికొకరు తెలియకుండా దాచుకునేలా చేసింది ఏదైనా సరే, దాన్ని విగ్రహమనే అంటాను. రాతిదా ఇత్తడిదా అని నన్నడగొద్దు.

ఈ దారిన వెళ్లేవారికి ఒక సూచన: తిరుగు ప్రయాణం మూడింటికల్లా మొదలుపెట్టండి, ఆలస్యమైతే బీచ్ నుంచి వచ్చే కార్లతో కొండంతా నిలిచిపోతుంది. మేం మాత్రం ఆరు దాటాకే కదిలాం. సుధాకర్, జోసెఫ్ అప్పటిదాకా మాట్లాడుకుంటూనే ఉన్నారు. లేవమనడానికి విమలకూ నోరు రాలేదు, నాకూ రాలేదు.