ఐదు మూటల విత్తనం

నా చిన్నప్పుడు కప్పగల్లు రోడ్డు మీద ఇనుప ఖనిజం లారీలు తెంపు లేకుండా తిరిగేవి. మా నాన్న కూడా రెండు లారీలు కొన్నాడు. వాటిని నిలపడానికి రోడ్డు పక్కనున్న మా వరిమడి కావాలన్నాడు. తాతయ్య ససేమిరా అన్నాడు. చివరికి నాన్నే ఒక మెట్టు దిగాడు.

"ఈసారి మడి నిండా నాట్లు పడితే సేద్యం నీదే నాయనా. బీడు పడిందంటే మాత్రం లారీలకు ఇడిసిపెట్టల్ల."

తాతయ్య దగ్గర ఐదు మూటల విత్తన వడ్లు ఉన్నాయి. ఒకటి కొత్తది, నాలుగు పాతవి. విత్తే ముందు వంద గింజలు తడి గోనెగుడ్డలో చుట్టి, ఎన్ని మొలిచాయో చూడటం ఆయన పద్ధతి. కొత్తవాటిలో తొంభై మొలిచాయి, పాతవాటిలో నలభై. అన్నీ కలిపితే నూటికి ఎన్ని మొలుస్తాయో చెప్పమని నన్ను అడిగాడు. అరవై దాటితే అవే చల్లాలని, లేదంటే సిరిగేరి బంధువుల దగ్గర వేరే విత్తనం తేవాలని ఆయన ఆలోచన. శాతాల లెక్కల్లో తరగతికంతా నేనే ఫస్టు, ఆ పొగరు కొంచెం ఎక్కువే. తొంభై, నలభై కూడి సగం చేసి, అరవై ఐదు అనేశాను. కాగితం కూడా ముట్టలేదు.

నారు పల్చగా వచ్చింది. మళ్లీ విత్తనం తెచ్చి చల్లేలోగా కాలువ నీళ్ల వంతు దాటిపోయింది. సగం మడి బీడుగానే ఉండిపోయింది.

తాతయ్య కోప్పడలేదు. మూటల అడుగున మిగిలిన వడ్లను, మూటకో గుప్పెడు చొప్పున, నా చేతే చాటలో పోయించి కలిపించాడు. అందులోంచి వంద గింజలు గుడ్డలో చుట్టించాడు. నాలుగో రోజు విప్పి లెక్కపెడితే మొలిచినవి యాభై.

"మంచిది ఒక గుప్పెడు, పాతది నాలుగు గుప్పిళ్లు. మూటలెన్ని ఉండాయని అడగనే లేదు కదమ్మా నువ్వు" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. తన తువ్వాలుతో నా మొహం తుడిచాడు.

ఆ సాయంత్రం నాన్న, "విత్తనం మంచిచెడ్డ గూడా తెలీకుండా పోయెనే నీకు" అని అరిచాడు. తాతయ్య తల వంచుకుని, "అవునప్పా, నా చెయ్యే తప్పింది" అన్నాడు. నేను గడప దగ్గరే ఉన్నాను. లెక్క నాదని చెప్పడానికి నోరు పెగల్లేదు. వారం తిరిగేసరికి మడిలోకి లారీలు దిగాయి.

ఇప్పుడు నూటికి ఇన్ని అని ఎవరు చెప్పినా, మొత్తం ఎన్నింటిలో అని అడగందే ఊరుకోను. ఇంట్లోవాళ్లు చాదస్తం అంటారు, అననీ. నిజం చెప్పేద్దామని అనుకుంటూ ఉండగానే తాతయ్య పోయాడు. కొన్నేళ్లకు నాన్నా పోయాడు. తన తండ్రికి సేద్యం చేతకాలేదనే ఆయన చివరిదాకా నమ్మాడు.