ఆ ఉదయం బ్యాటరీ కొత్తది

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఈ మాట వినాల్సిన మనిషి వేరే ఉన్నాడు. మా ఎదురింట్లోనే ఉంటాడు. గుమ్మంలో నిలబడి పిలిస్తే పలుకుతాడు. రోజూ ఏదో ఒక పనికి పిలుస్తూనే ఉంటాను. ఇది చెప్పడానికి మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారీ పిలవలేదు.

కరోనా వచ్చిన మొదటి చలికాలం నుంచి నేనొక అబద్ధాన్ని మోస్తున్నాను. చెడ్డపేరు తెచ్చే అబద్ధమైతే ఎప్పుడో ఒప్పుకుని దించుకునేవాణ్ణేమో. ఇది నాకు మంచిపేరు తెచ్చింది. బరువంతా అక్కడే ఉంది.

మాది సూరత్‌లో లింబాయత్. మా గల్లీలో సగం ఇళ్లు తెలంగాణ నుంచి మగ్గాల పనికి వచ్చినవాళ్లవే. నేను మగ్గం మీద కూర్చోను. చీరల నమూనాలు దుకాణాలకు తిప్పి ఆర్డర్లు తెస్తాను. ఆ తిరుగుడు కోసమే ఒక పాత కారు కొన్నాను. అప్పట్లో గల్లీలో నాలుగు చక్రాల బండ్లు రెండే. నా కారు ఒకటి, మూలమీది కిరాణా కొట్టాయన సరుకులు తెచ్చుకునే చిన్న వ్యాను ఒకటి.

లాక్‌డౌన్‌లో కారు నెలల తరబడి కదలకుండా పడి ఉంది. ఆ తర్వాత కూడా దగ్గర దగ్గర తిరుగుళ్లే. దీపావళి దాటాక పొద్దున్నే తాళం తిప్పితే ఇంజను మూలుగుతూ నెమ్మదిగా తిరిగేది. హారన్ కొడితే గొంతు పూడినట్టు పలికేది. హెడ్‌లైట్లు మసకగా వెలిగి, యాక్సిలరేటర్ తొక్కితే కాస్త తేరుకునేవి. బానెట్ ఎత్తి చూస్తే బ్యాటరీ కొసల మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుని ఉండేది. వేడినీళ్లతో కడిగాను, గుడ్డతో తుడిచాను. రెండు రోజులు బాగుండి మళ్లీ అదే మూలుగు. గల్లీ అంతా వినేది. మల్లేశం అయితే మంచం మీంచే కేకేసేవాడు, ‘‘అన్నా, దానికింత చాయ్ తాపు, లేస్తది!’’ అని.

మల్లేశమే ఆ ఎదురింటి మనిషి. మగ్గాల కార్ఖానాలో పని. అతని భార్య లక్ష్మి ఇంట్లోనే చీరలకు లేసు కుట్టేది.

ఒకరోజు సాయంత్రం ఊరికి అటు వైపున్న ఆల్థాన్‌లో ఒక దుకాణం ముందు కారు పూర్తిగా మొరాయించింది. దగ్గర్లో ఉన్న బ్యాటరీల షాపతను వచ్చి పాతది ఊడదీసి కొత్తది బిగించాడు. ప్లస్ ముందు బిగించాలి, మైనస్ చివర, తీసేటప్పుడు మైనస్ ముందు అని చెప్పాడు. సూరత్‌లో చలెంత, దానికే పోయిందా అన్నాను. చలికి పోలేదు, పోయింది ఎండాకాలపు వేడికే, చలి వచ్చాకే అది బయటపడుతుంది అన్నాడు. ఈ మాటను నాకు అన్వయించుకోవాలని తర్వాత చాలాసార్లు అనిపించింది. కానీ అది మరీ సులువు. బ్యాటరీ ఏదీ ఎంచుకోదు. నేను ఎంచుకున్నాను.

కొత్త బ్యాటరీతో కారు ఒక్క తిప్పుకే లేచింది. రాత్రి కర్ఫ్యూ వేళకు ముందే ఇల్లు చేరాను. ఇంటి ముందు కారు పెట్టి, తిని పడుకున్నాను. బ్యాటరీ మార్చానని ఇంట్లో చెప్పలేదు. అందులో ఎత్తుగడ ఏమీ లేదు. ఆకలిగా ఉంది, మరిచిపోయాను, అంతే. అక్కడిదాకా నేను మామూలు మనిషినే.

మర్నాడు తెల్లవారుతుండగా తలుపు చప్పుడైంది. మల్లేశం. ముఖానికి లక్ష్మి చున్నీ కట్టుకుని, మెట్టు కిందనే ఆగి నిలబడ్డాడు.

‘‘అన్నా, లక్ష్మికి దమ్ము ఆడ్తలేదు. రాత్రి సంది గిట్లనే ఉంది. అంబులెన్స్ దొరుకుతలేదు. కిరాణాయన్నడిగితె భయమైతుంది రానన్నడు. జర బండి తియ్యవా?’’

నేను ఆలోచించానా? ఆలోచించానని అనుకోవడం నాకిష్టం. భయపడ్డానన్నది నిజం. ఆ ఏడు ఎండాకాలంలోనే నా బావమరిది కరోనాతో పోయాడు, అతని ముఖం కూడా మాకు చూపించలేదు. అందరూ భయపడుతున్న రోజులు, నేనూ భయపడ్డాను, దాన్ని తప్పనను. కానీ భయమైతుంది అని కిరాణాయన అన్నట్టు నేనెందుకు అనలేకపోయాను? ఒక్క మాటే కదా. నాకు రావడం ఇష్టం లేదు, రానివాడిగా కనిపించడం అంతకన్నా ఇష్టం లేదు.

‘‘బ్యాటరీ పోయింది మల్లేశం. నీకు ఎర్కే గద,’’ అన్నాను.

‘‘ఎర్కే అన్నా. ఒక్కపారి చూడరాదే. లేవకుంటె నూకుదాం.’’

నూకుదాం అంటాడని నేను అనుకోలేదు. సరే, నువ్వు లక్ష్మిని తీసుకురా అన్నాను. అతను తన ఇంట్లోకి పరిగెత్తాడు. నేను కారు దగ్గరికి వెళ్లి బానెట్ ఎత్తి, డిక్కీలోని పానాతో మైనస్ కొసను వదులు చేశాను. పూర్తిగా తీయలేదు. పూర్తిగా తీస్తే లైట్లు కూడా వెలగవు, అనుమానం వస్తుంది. తగిలీ తగలనట్టు ఉంచాను. అంత భయంలోనూ ఈ లెక్క నాకు తట్టింది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

నేను బానెట్ కింద ఉండగానే మా ఇంటామె వచ్చి వెనక సీటు మీద పాత దుప్పటి పరిచింది. కిటికీలు దించి పెట్టుకోండి, గాలి ఆడుతుంది అంది. ఆమెకు భయం లేక కాదు.

మల్లేశం లక్ష్మిని తెచ్చి అరుగు మీద కూర్చోబెట్టాడు. శాలువా కప్పుకుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, ఊపిరి కోసం భుజాలు ఎగరేస్తోంది. నేను తాళం తిప్పాను. టక్ అంది. మళ్లీ తిప్పాను. టక్. డాష్‌బోర్డు లైట్లు వెలిగి ఆరిపోయాయి. మల్లేశం బానెట్ మీద చెయ్యి వేసి ‘‘లెవ్వే, లెవ్వు’’ అన్నాడు. కారుతోనే.

రాత్రి పాళీ ముగించుకుని వస్తున్న ఇద్దరు కార్మికులను పిలిచాడు. ముగ్గురూ కలిసి కారు నూకారు. నూకితే లేవాలంటే బండి పరుగందుకున్నాక క్లచ్ వదలాలి. నేను వదల్లేదు. ఎడమకాలు నేలకంటా అదిమి పట్టి స్టీరింగ్ వెనక కూర్చున్నాను. అద్దంలో మల్లేశం కనిపిస్తున్నాడు. చున్నీ జారి మెడలో పడింది. నోరు తెరుచుకుని రొప్పుతున్నాడు. ఇంటి ముందు నుంచి పెద్ద రోడ్డు దాకా నూకారు. అక్కణ్నుంచి వెనక్కి తిప్పి మళ్లీ నూకారు. నాకూ చెమటలు పట్టాయి, తల కొట్టుకున్నాను. ఆ చెమట నటన కాదు.

చివరికి లక్ష్మే చెయ్యెత్తి చాలన్నట్టు ఊపింది. రోడ్డు మీద పోతున్న ఆటోను ఎవరో ఆపారు. ఆ డ్రైవరుకు వీళ్లెవరో తెలియదు. తన సీటు వెనక ప్లాస్టిక్ పట్టా కట్టుకుని ఎక్కించుకున్నాడు. ఆ చలిగాలిలో, రెండు వైపులా తెరిచి ఉన్న ఆటోలో ఆమెను ఒళ్లో పెట్టుకుని మల్లేశం వెళ్లాడు. వెళ్తూ నా వైపు తిరిగి దండం పెట్టాడు.

లక్ష్మి బతికింది. చాలా రోజులు ఆస్పత్రిలో ఉండి తిరిగొచ్చింది. కానీ ఊపిరి మునుపటిలా రాలేదు. మెట్లు ఎక్కలేదు, మిషను తొక్కలేదు. లేసు కుట్టే పని ఆగిపోయింది. ఆ ఉదయం నూకుళ్లలో పోయిన సమయం వల్లనా? ఆటోలో కొట్టిన గాలి వల్లనా? జబ్బే అలాంటిదా? ఆల్థాన్‌లో ఉండే ఒక తెలుగు డాక్టరును, ఎవరి గురించో అడిగినట్టు అడిగాను. చెప్పలేం అన్నాడు. ఆ మాట ముందు నాకు ఊరటగా అనిపించింది. తర్వాత అదే శిక్షలా మిగిలింది. ఎటూ తేలదు.

అనుమానం రాకూడదని నేను కొన్నాళ్లు కారు తీయలేదు. షేర్ ఆటోలో పనికి పోయాను. ఒకరి భుజం మీద ఒకరం ఎక్కినట్టు కూర్చుని, పక్కవాళ్ల దగ్గులు వింటూ. ఏ జబ్బుకు భయపడి మల్లేశానికి అబద్ధం చెప్పానో, అదే జబ్బును ఆ అబద్ధం నిలబెట్టుకోవడం కోసం రోజూ పక్కన కూర్చోబెట్టుకున్నాను. నవ్వొస్తే నవ్వండి. నాకు రాదు.

గల్లీలో కిరాణాయన పేరు చెడిపోయింది. గుండె లేనివాడన్నారు. కొందరు అతని కొట్టుకే పోవడం మానేశారు. నా ముందు ఆ మాట వచ్చినప్పుడల్లా నేనూ తలూపాను. ఒకసారి ‘మనిషన్నాక అట్ల చేయొద్దు’ అని కూడా అన్నాను. నిజం చెప్పినవాడు అతనొక్కడే. లక్ష్మి కాస్త కోలుకున్నాక మొదటిసారి పొయ్యి వెలిగించి సర్వపిండి చేసి, మా ఇంటికి పంపింది. వేడివేడిగా తిన్నాను. రుచిగానే ఉంది. గొంతు దిగకపోతే బాగుండేదని అనిపించింది, కానీ దిగింది.

ఈ చలికాలం మల్లేశం ఒక పాత కారు కొన్నాడు. కొన్న కొద్ది రోజులకే పొద్దున మూలగడం మొదలుపెట్టింది. గల్లీలో బ్యాటరీల విషయం ఎవరికి తెలుసంటే అందరూ నన్నే చూపిస్తారు. వెళ్లి విన్నాను. హారన్ కొట్టించాను, లైట్లు చూశాను, బానెట్ ఎత్తి ఆ పొడి చూపించాను. బ్యాటరీ పక్కలు ఉబ్బి ఉన్నాయి. ఇక కడిగి లాభం లేదు, మార్చెయ్ అన్నాను. కొత్తది తెచ్చాక నేనే కూర్చుని బిగించాను. ప్లస్ ముందు, మైనస్ చివర.

మైనస్ బిగిస్తున్నప్పుడు మల్లేశం నా పక్కన వంగి నిలబడి ఉన్నాడు. ఇద్దరమే ఉన్నాం. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. నోరు తెరిచాను కూడా.

‘‘గట్టిగ బిగియ్యన్నా,’’ అన్నాడతను. ‘‘రేపు ఎవరికన్న అవసరం పడితె నీ బండి లెక్క మొరాయించొద్దు. ఆనాడు నువ్వెంత తండ్లాడినవో నేను చూసిన. గందుకే కొన్న దీన్ని.’’

గట్టిగా బిగించాను. అతను లోపల కూర్చుని తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే లేచింది. గుమ్మంలో కూర్చున్న లక్ష్మి నవ్వింది.

నేను చేతులు తుడుచుకుని ఇంటికొచ్చేశాను. రేపు చెబుతానా? మాట ఇవ్వను. ఇచ్చి తప్పడం నాకు బాగా వచ్చు. ఇప్పటిదాకా పైకి అననిది ఒక్క వాక్యం, అది మాత్రం ఇక్కడ అంటాను. మల్లేశం ఊపిరంతా పోసి నూకిన ఆ ఉదయం, నా కారులో బ్యాటరీ కొత్తది.