కిటికీ కింద గాడి

మా మేనమామకు మనుషుల మీద కంటే భవనాల మీద అభిప్రాయాలు ఎక్కువ. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆయన పని, ఊరి నడిబొడ్డున ఉన్న ఆఫీసు టవర్ల అద్దాలను బయటి నుంచి తుడవడం. నడుముకు తాడు కట్టుకుని, ఇనుప తొట్టిలో నిలబడి, పై అంతస్తు నుంచి ఒక్కో వరుసా కడుక్కుంటూ కిందికి దిగుతారు. ఎంతవరకు చదువుకున్నారని ఎవరైనా అడిగితే, "ఆరో తరగతి. ఆ తర్వాత ముప్పై రెండో అంతస్తు" అంటారు.

మొదటి రోజు భయంతో తొట్టి అంచు వదల్లేదట. పక్కనున్న పాతకాపు ఒకాయన, "కిందికి చూడకు, గోడని చూడు" అన్నాడట. అప్పుడు గోడను చూడటం మొదలుపెట్టిన మనిషి ఇంతవరకూ ఆపలేదు.

మా అమ్మ పోయాక నేను ఆయన ఇంట్లోనే పెరిగాను. ఆదివారం ఆయనకు సెలవు. ఆ పూట మా అత్తనూ నన్నూ వెంటబెట్టుకుని మళ్లీ ఆ వీధికే వెళ్లేవారు. ఆఫీసులు మూసి ఉంటాయి, కార్లు ఉండవు, రోడ్డు మధ్యలో నిలబడి మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూడొచ్చు.

"వారమంతా వాటికి స్నానాలు చేయించింది చాలక, ఆదివారం పలకరింపులు కూడానా?" అని అత్త విసుక్కునేది. విసుక్కుంటూనే చెప్పులు వేసుకుని అందరికంటే ముందు గేటు దగ్గర నిలబడేది కూడా తనే.

ఆ టవర్లకు మామయ్య పెట్టిన పేర్లు మాకు తప్ప ఎవరికీ తెలియవు. నిలువునా రాతి పలకలు బయటికి వచ్చి ఉన్న పాత భవనం ఆయనకు 'దువ్వెన'. అదంటే ప్రాణం. "మధ్యాహ్నం రెండింటికి తొట్టిలో దిగుతూ చూశాను, ఒక్క గదిలో తెర దించి లేదు. ఆ పలకలే ఎండని అడ్డుకుంటున్నాయి. గీసినవాడెవడో గానీ ఎండలో నిలబడి గీశాడు" అనేవారు. దాని ఎదురుగా పైనుంచి కిందిదాకా అద్దమే ఉన్న భవనానికి 'పెళ్లికూతురు' అని పేరు. ఎప్పుడు చూసినా అలంకారమే. లోపలివాళ్లు ఎండకు తాళలేక ఏడాది పొడుగునా తెరలు దించుకుని కూర్చుంటారు. "అద్దాలు పెట్టింది చూడ్డానికా, తెరలు వేలాడదీయడానికా?" అని మామయ్య ప్రతి ఆదివారం అడిగేవారు, మొదటిసారి అడుగుతున్నట్టే.

ఆయనతో తిరిగి తిరిగి నాకూ ఆ పిచ్చి అంటుకుంది. డ్రాయింగ్ కోర్సు చేసి, భవనాల నమూనాలు గీసే ఒక ఆఫీసులో చేరాను. ఆరు నెలలు పని చూసి, నచ్చితే ఖాయం చేస్తామన్నారు. నాలుగో నెలలో పద్నాలుగు అంతస్తుల టవర్ ఒకటి మా ఆఫీసుకు వచ్చింది. దాని కిటికీల కింద గోడ నుంచి బయటికి నాలుగు వేళ్ల మేర వచ్చే రాతి పలకలు గీసే పని నాకిచ్చారు. నా కళ్లు నెత్తికెక్కాయి. ఇంట్లో ఆ రాళ్ల గురించి తప్ప ఇంకో మాట లేదు.

ఆ కట్టడం గేటు పక్కన, మనిషి ఎత్తులో, ఒక కిటికీ గోడను నమూనాగా కట్టి పెట్టారు. ఆ ఆదివారం నేనే ముందు నడిచి మామయ్యను అక్కడికి లాక్కెళ్లాను. ఆయన చాలాసేపు చూశారు. రాయి రంగు బాగుందన్నారు. మూల దగ్గర రెండు రాళ్లు అతికిన తీరు చూసి తల ఊపారు. తర్వాత వంగి, పలక అడుగున వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకు జరిపారు.

"గాడి ఏదమ్మా?" అన్నారు.

"ఏ గాడి?"

ఆయన అత్త చేతిలోని నీళ్ల సీసా తీసుకుని పలక మీద వొంపారు. నీళ్లు అంచు దాకా వచ్చి కింద పడతాయనుకున్నాను. పడలేదు. అంచు తిరిగి పలక అడుగునే పట్టుకుని వెనక్కి పాకి, గోడ మీదుగా నల్లటి చారలై దిగాయి.

"అడుగున వేలు పట్టేంత గాడి ఉండాలి. నీళ్లు అది దాటలేక అక్కడే చుక్కలుగా రాలిపోతాయి. అది లేకపోతే పైనున్న దుమ్మంతా ప్రతి వానకీ గోడ మీదికే. రెండేళ్లలో ప్రతి కిటికీకీ మీసాలొస్తాయి. మేం ఎంత రుద్దినా పోవు."

ఆ గాడి నాకు గుర్తొచ్చింది. మా ఆఫీసులోని పాత డ్రాయింగ్ ఒకటి తీసుకుని ఈ పలక గీశాను. అందులో అడుగు గీత మీద చిన్న నొక్కు ఒకటి ఉంది. ఎవరో చెయ్యి జారి గీశారనుకుని, చెరిపేసి, గీత సాఫు చేశాను. పైగా నా పని ఎంత శుభ్రంగా ఉందో అని మురిసిపోయాను కూడా.

సోమవారం నుంచి రాళ్ల కోత. ఆరువందల నలభై పలకలు.

"మామయ్యా, ఎవరూ పట్టుకోలేదు కదా. నమూనా చూసి అందరూ బాగుందనే అన్నారు. ఇప్పుడు చెప్తే నా ఉద్యోగం పోతుంది."

"పోవచ్చు" అన్నారాయన.

"కాకిపిల్ల కాకికి ముద్దంటారు, ఈయనకి అదీ లేదు! పిల్ల బెదిరిపోయి ఉంటే ఆ మాటేంటండీ?" అని అత్త కసురుకుంది.

"అబద్ధం చెప్పమంటావా? చెప్పడం మానడం దాని ఇష్టం. మాట్లాడకుండా ఊరుకుంటే మాత్రం, ఆ గోడ ముందు వేలాడినన్ని రోజులూ మేనకోడల్ని తిట్టుకుంటూ రుద్దాలి నేను. అది నావల్ల కాదు." ఆ మాటంటూనే ఆయన వంగి, గోడ మీది నల్లటి చారలను భుజం మీది తువ్వాలుతో రుద్దడం మొదలుపెట్టారు. అది చూశాక నాకు ఇంకో దారి లేకపోయింది.

సోమవారం పొద్దున మా పెద్దసారు గదిలోకి వెళ్లి, పాత డ్రాయింగూ నాదీ పక్కపక్కన పెట్టి చెప్పేశాను. ఆయన ముఖం ఎర్రబడింది. ముందు రాళ్ల కోత దగ్గరికి ఫోన్ చేసి మిషన్ ఆపించారు. అప్పటికే పదకొండు పలకలు కోసేశారు. ఆ తర్వాత నావైపు తిరిగారు. ఆయన అన్న మాటలు ఇక్కడ రాయను, అన్నీ న్యాయమైనవే.

"నమూనా చూసి నేనే సరే అన్నాను. నేనే పట్టుకోలేదు. నీకెవరు చెప్పారు?" అని చివర్లో అడిగారు.

"మా మామయ్యండి. టవర్ల అద్దాలు తుడుస్తారు."

ఆయన రెండు డ్రాయింగులూ మడిచి నా చేతికిచ్చారు. "వెళ్లి పని చూసుకో" అన్నారు. ఉద్యోగం పోలేదు గానీ, రెండు నెలల పాటు నాచేత బేస్‌మెంట్లో కార్లు నిలిపే గీతలు మాత్రమే గీయించారు. నూట ఎనభై కార్లకు గీశాను. ఆ తర్వాత ఖాయం చేశారు.

టవర్ లేవడానికి రెండేళ్లు పట్టింది. గాడి ఉన్న పలకలే పెట్టారు. భవనం తెరిచిన రోజు మామయ్యను తీసుకెళితే అంతా తిరిగి చూసి, "ఇప్పుడేం చెప్తాం" అని ఊరుకున్నారు. అత్త మాట మార్చింది. నాకు లోపల చివుక్కుమంది.

ఆ ఏడు మొదటి పెద్ద వాన మంగళవారం మధ్యాహ్నం వచ్చింది. వానలో తొట్టి దించరు కాబట్టి మామయ్య ఇంటికి పెందలాడే వచ్చేయాలి. రాలేదు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి అత్త వీధి గుమ్మంలో నిలబడి ఉంది. అరగంట తర్వాత వచ్చారు, తల నుంచి కాళ్ల దాకా నీళ్లు కారుతూ, చొక్కా ఒంటికి అంటుకుపోయి.

"ఎక్కడికెళ్లారండీ ఈ వానలో? గొడుగు ఏమైంది?" అంటూ అత్త తువ్వాలు పట్టుకుని ఎదురెళ్లింది.

ఆయన తువ్వాలు అందుకోలేదు. గుమ్మంలోనే నిలబడి నాకోసం చూశారు.

"మీ టవర్ ఎదురుగా నిలబడ్డాను, రెండు గంటలు" అన్నారు. "గొడుగు పట్టుకుంటే పైదాకా కనపడట్లేదు. ప్రతి కిటికీ కిందా చూశానమ్మా. నీళ్లు చుక్కలుగా గాల్లోనే రాలిపోతున్నాయి. నీ గోడ పొడిగా ఉంది."